ఎర్ర దారం కట్టిన కాయలు

పోయిన వారం దశాంశాన్ని వాళ్లన్నయ్య చిక్కుడు తోట గేటు దగ్గర, చేతిలో ఒక కాగితంతో వదిలేసి వచ్చాం. లోపలికి అడుగు పెట్టాలా, వచ్చిన దారినే పోవాలా అని తేల్చుకోలేక నిలబడి ఉంది పాపం. పాపం అన్నది నోటి అలవాటు. ఆమె చేసిన పనికి ఆ మాట దక్కుతుందో లేదో మీరే చెప్పాలి.

దశాంశం ఆమె అసలు పేరు కాదని మీకు గుర్తుండే ఉంటుంది. పంటల మీద మిగిలిపోయే పురుగుమందుని కొలిచే ప్రయోగశాలలో పద్నాలుగేళ్లుగా ఆమె ఉద్యోగం. కూరలో ఉప్పెక్కువైందని ఎవరైనా అంటే, ఎంత ఎక్కువైందని అడిగే మనిషి. అందుకని అన్నయ్య ముద్దుగా పెట్టిన పేరది. ఆ అన్నయ్యే ఇప్పుడు ఆమెతో మాట్లాడడం మానేసి పదకొండు రోజులైంది.

మానేయడా మరి! ఈ ఏడు ఆయన చిక్కుళ్లు కొనుగోలు సంఘం పరీక్షలో మూడుసార్లు తప్పాయి. కిలో కాయల్లో అర మిల్లీగ్రాము దాటకూడని మందు ఒకటీ పాయింటు మూడు తేలింది. మందు కొట్టాక ఐదు రోజులు ఆగే కోశానని, కొట్టిన తేదీ, కోసిన తేదీ షెడ్డు గోడ మీద రాసి ఉన్నాయని ఆయన మొత్తుకున్నాడు. సీసా మీద అచ్చు వేసినదీ అదే, పిచికారీ చేసిన ఐదు రోజులకు కాయ కోయవచ్చునని. వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, ఆరేళ్ల కిందట ప్రయోగం చేసి ఆ ఐదు అనే అంకెను తేల్చింది స్వయానా దశాంశమే. తన అంకె తప్పంటే ఆమె ఒప్పుకోగలదా? సంఘంవాళ్లు పదిమందిలో ఆమెను అడిగితే, ఐదు రోజులు ఆగితే ఇంత మందు మిగలదని, షెడ్డు గోడ మీద పెన్సిల్‌తో తేదీలు ఎవరైనా రాసుకోవచ్చని చెప్పింది. అన్నయ్య ఆ గదిలోనే ఉన్నాడు. తల కొట్టేసినట్టయి, చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి నడిచాడు.

ఈ రోజు సాయంత్రం నాలుగింటికి సంఘం మళ్లీ కూర్చుంటుంది. తప్పు చేశానని సంతకం పెడితే ఒక్క పంటకు వేటు. పెట్టకపోతే సభ్యత్వం శాశ్వతంగా పోతుంది, పైగా మోసం చేసినవాడని ఆయన పేరు సంఘంవాళ్లు కాయలు తూచే తూకం గేటు మీద అతికిస్తారు. దశాంశం చేతిలో ఉన్నది ఆ సంతకం కాగితమే. అన్నయ్యను కాపాడడానికి వచ్చానని ఆమె అనుకుంటోంది, ఇంకా.

గేటు చప్పుడుకి అన్నయ్య తలెత్తాడు. షెడ్డు ముందు నేల మీద కూర్చుని, పిచికారీ పంపు ముక్కు ఊడదీసి పాత టూత్‌బ్రష్‌తో తోముతున్నాడు. చెల్లెల్ని చూసి మళ్లీ తల దించుకున్నాడు.

"ఏమే, ఆఫీసరుగారు వేంచేశారు. స్టూలు వెయ్యి," అని భార్యను కేకేశాడు.

వదిన చిక్కుడు సాళ్ల మధ్య నుంచి లేచింది. నడుముకి కట్టుకున్న గోనెసంచి సగానికి పైగా నిండి ఉంది. మొగుడివైపు ఒకసారి, ఆడపడుచువైపు ఒకసారి చూసి, స్టూలు తెచ్చి నీడలో వేసింది.

"అన్నయ్యా," అంది దశాంశం.

"వచ్చిన పనేమిటో కనుక్కో," అన్నాడాయన, పంపు ముక్కులోకి చూస్తూ.

"ఎదురుగానే ఉన్నాను కదా, నన్నే అడగొచ్చుగా!"

"అడిగితే, ఆ అడిగింది కూడా నేనే రాసుకున్నానంటారు. ఎందుకొచ్చిన గొడవ అని చెప్పు."

వదిన నిట్టూర్చింది. "విన్నావుగా అమ్మాయీ, మళ్లీ నన్ను చెప్పమనకు. పదకొండు రోజుల్నించి నాకిదే ఉద్యోగం. నిన్న నీ ఫోనొస్తే ఇంట్లో లేనని నాచేత చెప్పించి, పక్కనే కూర్చుని దగ్గాడు."

ఇంకో రోజైతే ముగ్గురూ నవ్వుకునేవాళ్లే. దశాంశం కాగితం మడత విప్పి వదినకు ఇచ్చింది.

"సంతకం పెట్టమను వదినా. ఒక్క పంట పోతుంది, అంతే. పరువైనా దక్కుతుంది."

బ్రష్ ఆగిపోయింది. "చెయ్యని తప్పుకి సంతకం పెడితే పరువు దక్కుతుందా! ఎన్ని పాయింట్లు దక్కుతుందో కూడా అడుగు," అన్నాడు అన్నయ్య. అని ఊరుకోలేదు. "మందు కొట్టి ఇవ్వాళ్టికి సరిగ్గా ఐదు రోజులు. కొట్టేటప్పుడు నువ్వు పక్కనే ఉన్నావు. సాక్ష్యానికి గోడ వద్దు, నువ్వు చాలు. ఆవిడ చేత్తోనే కోసుకెళ్లమను, ఆవిడ మిషన్‌లోనే పెట్టుకోమను. ఏం తేలుతుందో చూద్దాం."

దశాంశానికి ఒళ్లు మండింది. మిషన్‌ను అంటే ఊరుకునే మనిషి కాదు ఆమె. బండి దగ్గరికి వెళ్లి, ఎప్పుడూ వెంట ఉంచుకునే ఐస్ పెట్టె తెచ్చింది. చేతులకు తొడుగులు వేసుకుంది. సంచి మీద తేదీ, వేళ రాసింది. వదిన వెంట సాళ్లలోకి దిగింది.

చిక్కుడు మొక్కలు నడుమెత్తున ఉన్నాయి. ఒకే కొమ్మ మీద పువ్వు, పిందె, లేత కాయ, గింజ కట్టిన కాయ అన్నీ కలిసి కాపురం చేస్తున్నాయి. చిక్కుడు సంగతే అంత, ఒక పక్క కోస్తుంటే ఇంకో పక్క పూస్తుంది. దశాంశం చెయ్యి అలవాటుగా కొమ్మ చివర లేతగా, నున్నగా ఉన్న కాయల మీదికి పోయింది. నాలుగు తుంచి సంచిలో వేసింది. ఐదోది తుంచబోతుంటే వదిన ఆ చేతి మీద చిన్నగా కొట్టింది.

"ఆ లేతవెందుకు? సంఘంవాళ్లు తీసుకోరు. ముక్కలు కోసి గడ్డకట్టించి అమ్ముకుంటారట, వాళ్లకి గింజ కట్టిన కాయే కావాలి. ఇదివరకు బజారుకి వేసినప్పుడు లేతవి కోసేవాళ్లం. లేత కాయ మీ ఆఫీసు రుచి."

"మా ఆఫీసుకి రుచేమిటి వదినా?"

"మరి? మీ ప్లాటులో పనిచేసినన్నాళ్లూ లేతవే కదా పంపాను. ఒక్క ముదురు కాయ వచ్చిందా నీకు? చెప్పు, వచ్చిందా?"

గర్వంగానే అడిగింది. ఆ గర్వానికి కారణం ఉంది. ఆరేళ్ల కిందట, ఈ ఇంటి కోడలు కాకముందు, వదిన ఆ ప్రయోగం ప్లాటులో కాయలు కోసే మనిషి. ఆమె చేతి నుంచి వచ్చే సంచులు చూసి దశాంశం ముచ్చటపడేది. ఆకు ముక్క ఉండదు, పుచ్చు ఉండదు, అన్నీ అచ్చు వేసినట్టు ఒకే పొడుగు. ఇంత పనిమంతురాలు మన ఇంట్లో ఉంటే బాగుంటుందని అన్నయ్యకు చెప్పి, పట్టుబట్టి పెళ్లి చేయించింది కూడా దశాంశమే.

"రాలేదు," అంది దశాంశం. అని, తుంచిన కాయ పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"వదినా, ఆ ప్లాటులో మందు కొట్టిన రోజున కాయలకి ఎర్ర దారాలు కట్టాం, గుర్తుందా?"

"గుర్తులేకేం? ముప్పావుగంట వంగి కట్టాం. నీకు నడుం పట్టేసింది."

"మూడో రోజు, ఐదో రోజు, ఏడో రోజు నువ్వు కోసి పంపినవి ఆ దారం కట్టిన కాయలే కదా?"

వదిన వింతగా చూసింది. "అవెలా పంపుతాను? మూడో రోజుకే గింజ పొంగింది. ఐదో రోజుకి తొక్క గట్టిపడింది. ఆఫీసుకి అలాంటివి పంపడానికి నాకు సిగ్గుండక్కర్లా? కొత్తగా దిగిన లేతవి ఏరి పంపాను."

"దారం కట్టిందే ఆ కాయలు కోయడానికి వదినా!"

"అలాగని నాకెవరు చెప్పారు?"

దశాంశం నోరు తెరిచింది. ఎవరు చెప్పారు? దారం కట్టించింది తను. ఎందుకని ఆ రోజు వదిన అడిగితే, మందు పడిన కాయలకి గుర్తు అని చెప్పింది. అంతవరకే చెప్పింది. ఆ తర్వాత ఆకుల మీద తడి ఆరేదాకా రెండు గంటలు ఆగి, మొదటి సంచి కోయించి, అందులో చెయ్యి పెట్టి చూసి మురిసిపోయింది. అప్పుడు తన నోటితో తను అన్న మాట ఇప్పుడు చెవిలో గింగురుమంది.

వదిన ఆ మాటే పైకి అంది. "ఇలాంటి కాయలే రోజూ పంపు అన్నావు. పంపాను."

దశాంశం చేతిలోని లేత కాయను చూసింది. ఈ కాయ వయసెంత? వారం దాటదు. ఐదు రోజుల కిందట అన్నయ్య మందు కొట్టిన పొద్దున ఇది అగ్గిపుల్లంత పిందె. అగ్గిపుల్ల మీద పడే మందెంత? ఆ పుల్ల వేలంత కాయ అయ్యాక మిషన్‌లో పెడితే, మందు ఎక్కడిదక్కడ కరిగిపోయినట్టు కనిపించదూ? మందు తగ్గలేదు, కాయ పెరిగింది. ఇంక ఏడో రోజు, పదో రోజు వదిన పంపిన కాయలైతే, మందు కొట్టేనాటికి పువ్వులు. కొన్ని పువ్వులు కూడా కాదు. మందు మొహమే చూడని కాయల్లో మందు లేదని కనిపెట్టి, దాన్ని ఒక అంకె చేసి, సీసా మీదికి ఎక్కించింది తను.

ఆనాడు మందు పడ్డ కాయలే వరసగా పరీక్షించి ఉంటే ఆ అంకె పదో, పన్నెండో అయ్యేది. అన్నయ్య ఈ ఏడు సంఘానికి వేస్తున్నది సరిగ్గా అలాంటి కాయలే. మందుని నిండుగా ఒంటి మీద పోయించుకుని, గింజ కట్టేదాకా కొమ్మ మీదే ఉన్న కాయలు. ఒకటీ పాయింటు మూడు రాక ఏం వస్తుంది? ఆయన ఐదు రోజులూ ఆగాడు. గోడ మీద పెన్సిల్ గీతలు అక్షరాలా నిజం. తన గ్రాఫే అబద్ధం.

ఆ గ్రాఫ్ ఎంత అందంగా ఉండేదో! ఆరు చుక్కలూ గీత మీదే కూర్చునేవి. ప్రయోగశాలకు అధిపతి అయిన పెద్దసారు, వచ్చినవాళ్లందరికీ దాన్ని చూపించి మురిసేవాడు. నివేదిక అట్ట మీదికని వదిన పంపిన ఆరు సంచులనూ వరసగా పెట్టి ఫొటో తీయించాడు. మందు కొట్టిన నాటి సంచిలోనూ, పదో రోజు సంచిలోనూ కాయలు ఒకే పొడుగు. పది రోజులు కొమ్మ మీదున్న కాయ పెరగకుండా ఉంటుందా అని ఒక్కరూ అడగలేదు. కాయల్ని తన చేత్తో తరిగిన దశాంశం కూడా అడగలేదు. దేన్నైనా ఎంత అని అడిగే మనిషి, ఆ ఒక్క చోట నోరు మూసుకుంది. అందంగా ఉన్నదాన్ని అనుమానించడానికి మనసు రాలేదు. ఆరేళ్లుగా ఆ సీసా చూసి వేళ్ల మీద ఐదు రోజులు లెక్కపెట్టుకున్నవాళ్లు ఎంతమందో. ఆ కాయలు తిన్నవాళ్లు ఎంతమందో.

"మరి దారం కట్టినవాటిని ఏం చేశావు వదినా?" అని అడిగింది.

"ఏం చేస్తాను? పారేస్తామా? ఇంటికి తీసుకెళ్లేదాన్ని. వారం రోజులు అమ్మా నేనూ అవే వండుకున్నాం. గింజ కమ్మగా ఉండేది." షెడ్డు తలుపు మేకుకి వేలాడుతున్న చిన్న చుట్టను చూపించింది. ఎండకు వెలిసి గులాబీ రంగుకి దిగిన దారపు పోగులు. "దారాలు మాత్రం విప్పి దాచాను. ఆఫీసు సొమ్ము కదా. అడిగితే ఇచ్చేద్దామని. ఎవరూ అడగలేదు."

"మందు పడ్డవని తెలిసీ తిన్నారా?"

"కడుక్కుని తిన్నాం. లోకంలో అందరూ తినేది మందు కొట్టిన కాయలే కదా అమ్మాయీ. మీరంతా కొలుస్తున్నారుగా అని ధైర్యం."

దశాంశానికి ఏడుపు తన్నుకొచ్చింది. అంత పద్ధతిగా కోసిన మనిషి, అంత పద్ధతిగా దారాలు దాచిన మనిషి. ఇంకొక్క ముక్క నేను చెప్పి ఉంటే సరిపోయేదే, ఒకే ఒక్క ముక్క, అనుకుంది. కాయలు సాళ్లలోనే వదిలేసి, అన్నయ్య ముందుకు వచ్చి నిలబడింది.

"అన్నయ్యా, నువ్వు అబద్ధం ఆడలేదు."

ఆయన పంపు ముక్కుని గుడ్డతో తుడుచుకున్నాడు. "ఏమంటారు?" అని భార్యను అడిగాడు.

"నువ్వు అబద్ధం ఆడలేదంటోంది."

"ఆ సంగతి నాకు తెలుసని చెప్పు."

క్షమించమని అడగాలనుకుంది. ఆ మాట పదకొండు రోజుల కిందట అడగాల్సినది, ఇప్పుడు ఎంత చిన్నదైపోయిందో ఆమెకే తెలుస్తోంది. నాలుగింటికి ఇంకా అయిదు గంటల వ్యవధి ఉంది. ముందు తూకం గేటు మీద అన్నయ్య పేరు పడకుండా ఆపాలి. ఆ తొందరలో పెద్దసారుకి ఫోన్ చేసింది. ఆయన గొంతు సంగతి మీకు తెలుసు. ఫోన్ చెవికి ఆనించుకున్నా, పక్కింట్లోవాళ్లు కూడా వినాల్సిందే.

"సార్, చిక్కుడు ప్రయోగం తప్పు సార్. ఐదు రోజులు చాలవు. తోటలో మనిషి దారం కట్టిన కాయలు వదిలేసి, లేతవి కోసి పంపింది సార్."

వాక్యం ఆ రూపంలోనే ఎందుకు వచ్చిందో ఆమెను అడగొద్దు. నేను చెప్పాల్సింది చెప్పలేదు సార్ అన్నా సరిపోయేది, అది ఇంకా పొట్టి వాక్యం కూడా. కానీ పద్నాలుగేళ్ల ఉద్యోగం ఆమె నోటికి నేర్పిన దారి ఒకటుంది. మాట ఆ దారినే జారిపోయింది. వెనక వదిన నడుముకున్న సంచి ముడి విప్పబోయి ఆగిపోయింది.

పెద్దసారు గొంతులో కంగారు లేదు, పైగా కాస్త తేలికపడినట్టుంది.

"అయితే తప్పు మన దగ్గర జరగలేదన్నమాట. కూలిమనిషి చేసిందన్నమాట. దారం కట్టినవి ఏం చేసిందట?"

"ఇంటికి..." అంది దశాంశం. అని నాలుక కరుచుకుంది.

"ఇంటికి పట్టుకుపోయిందా! దొంగతనం కూడానా? ఇంక మంచిదే. చూడమ్మా, సంచుల మీద సంతకం ఉంది కానీ అది వట్టి గీత, ఎవరిదో తెలియదు. ఆ మనిషి పేరు చెప్పు. ఆమె మూలంగా ప్రయోగం చెడిందని సంఘానికి నేనే రాస్తాను, మూడింటికల్లా అందుతుంది. మీ అన్నయ్య బయటపడతాడు, మనమూ బయటపడతాం."

"ఆమె తప్పు కాదు సార్. సరిగ్గా చెప్పనిది నేను. నా పేరు రాయండి."

"నీ పేరు రాస్తే అది ప్రయోగశాల తప్పవుతుంది. అప్పుడు ఒక్క చిక్కుడేమిటి, నువ్వు సంతకం పెట్టిన ప్రతి నివేదికా తవ్వాలి. కమిటీ వెయ్యాలి. ఆర్నెల్లు పడుతుంది. ఈలోగా సంఘానికి నేను రాసేది ఏమీ ఉండదు. సాయంత్రం మీ అన్నయ్య పేరు గేటెక్కుతుంది. ఆలోచించుకో. ఆ కూలిమనిషి నీకేమైనా చుట్టమా?"

దశాంశం వెనక్కి తిరిగింది. వదిన మేకు మీది దారాల చుట్టను చేతిలోకి తీసుకుని, ఒక పోగుని వేలికి చుట్టుకుంటోంది. ప్రతి మాటా విన్నది. ఏడవడం లేదు, కోప్పడడం లేదు. ఆఫీసుకి మంచి కాయలు పంపిన మనిషి, ఆ ఆఫీసు తనని ఏమంటోందో చెవులారా విని, అర్థం చేసుకోవడానికి ప్రయత్నిస్తోంది.

"లైన్లో ఉన్నావా? పేరు చెప్పమ్మా," అన్నాడు పెద్దసారు.

అన్నయ్య లేచి నిలబడ్డాడు. పంపు ముక్కుని జాగ్రత్తగా స్టూలు మీద పెట్టాడు. చేతులు పంచెకు తుడుచుకుని, పదకొండు రోజుల్లో మొదటిసారి చెల్లెలి కళ్లలోకి చూశాడు.

"చెప్పు చెల్లీ. నా పేరు చెప్పడానికి నీకు ఇంతసేపు పట్టలేదుగా," అన్నాడు.

దశాంశం ఫోన్‌ను ఆ చెవి నుంచి ఈ చెవికి మార్చుకుంది.

"రాసుకోండి సార్," అంది.